ఇంటి కుక్క, ఇంటి పిల్లి: వాని ఆరోగ్యము, మన క్షేమము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగింతునని తాము ఎదురుచూచుట సహజము. కార్యదర్శిగారు నన్ను కుక్కలను, పిల్లులను గూర్చి చెప్పుమన్నారు. కొందరు నవ్వుకొనుచున్నారు, నవ్వవచ్చును. కాని తమ ఇంట ఎవరినైనను కుక్క కరచిన వారు చేతులెత్తుడని నేనడిగినచో ఆ నవ్వు నిలువదు.

మన భీమునిపట్నము భీముని పేరు మోయుచున్న ఊరు. ఆ భీముని అన్నగారి కథ తామెరుగుదురు. మహాప్రస్థానమున ద్రౌపదియు, తమ్ములు నలువురును ఒకరి తరువాత నొకరు పడిపోయిరి. తుదివరకు వెంట నడచినది ఒక కుక్క. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను ధర్మరాజు ఎక్కలేదు. నమ్మి వెంట వచ్చినదానిని విడువరాదని ఆయన పట్టు. ఈ కథను మనము పురాణశ్రవణమున విందుము, కన్నులు తుడుచుకొందుము. ఇంటికి పోయి వాకిటి కుక్కకు నాలుగు మెతుకులు విసరుదుము. అది ఎవరి కుక్క యని పొరుగువారడిగిన, "ఏమో, ఇక్కడే తిరుగుచుండును" అందుము. నా ఫిర్యాదంతయు ఈ ఒక్క మాటమీదనే.

శ్రద్ధగా పెంచిన కుక్కవలన భయము తక్కువ. ఎవరును చేరదీయని కుక్క సామాన్యముగా మనుష్యుల దరికి రాదు. చిక్కంతయు ఈ నడిమి తరగతిదానితోనే. అది నలుగురి ఇండ్ల తినును, ఏ ఒక్కరిదియు కాదు. పిల్లలు దాని మెడ కౌగిలించుకొందురు. దానికి టీకా వేయించినవారు మాత్రము లేరు. దీనిని నేను సగము పెంపకమందును.

రేబీసు అను వెర్రికుక్క వ్యాధి ఈ సగము పెంపకపు దారినే ఇంటిలోనికి వచ్చును. రోగము సోకిన జంతువు చొంగలో ఆ క్రిమి యుండును. కాటుద్వారా కండలో ప్రవేశించి, నాడుల వెంట మెల్లగా మెదడునకు ప్రాకును. సాధారణముగా ఇందుకు ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. ఆ వ్యవధియే మనకున్న గడువు. నీరు చూడగనే గొంతు బిగుసుకొను స్థితి వచ్చిన పిమ్మట వైద్యుడు చేయగలిగినది ఇంచుమించు ఏమియు లేదు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధిచే చనిపోవుచున్నారని అంచనా. అందు మూడవ వంతునకు పైగా మన దేశమువారే. పదిమందిలో నలుగురు పదునైదేండ్ల లోపు పిల్లలు. కుక్క కరచినదని చెప్పిన ఇంట దెబ్బలు పడునని దాచిన పిల్లవాడు గడువంతయు పోగొట్టుకొనును. కావున తల్లులారా, ఆ సంగతి చెప్పిన బిడ్డను ముందు దగ్గరకు తీయుడు. తిట్టదలచిన తరువాత తిట్టవచ్చును.

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అను సామెతను సామెతగనే యుండనిండు. గాయమునకు కావలసినది సబ్బు. ధారగా నీరు పోయుచు, సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడుగుడు, ఏలయన అది మనమనుకొన్నదానికన్న చాల దీర్ఘమైన కాలము. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు, కట్టు బిగించరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. సర్కారు ఆసుపత్రులలో ఈ టీకా ఉచితము. కండకు వేయు పద్ధతిలో మొదటినాడు, పిమ్మట 3, 7, 14, 28వ దినములందు వేయుదురు. నెత్తురు వచ్చునట్లు కరచినచో గాయము లోపలను చుట్టును వేయు మరియొక మందు కూడ కావలెను. దానిని మీరే అడుగుడు. కరచిన కుక్కను చంపక 10 దినములు కనిపెట్టి చూడవలెను. పదవ దినమునకును అది ఆరోగ్యముగా నున్నచో ఆ కాటువలన రేబీసు రాదని వైద్యుడు నిర్ణయింపగలడు. అంతవరకు టీకా ఆపి కూర్చుండరాదు.

పెద్దలలో కొందరికి బొడ్డుచుట్టు పొడిచిన 14 సూదులు జ్ఞాపకముండును. ఆ భయముచే ఇప్పటికిని ఆసుపత్రికి పోనివారు కలరు. ఆ పాత మందును మన దేశమున 2004 సంవత్సరాంతమున విడిచిపెట్టినారు. ఇప్పటి సూది భుజమునకే. మన జిల్లా చెన్నపురి రాజధానిలో నున్న కాలమున, 1907లో, దక్షిణాదివారికై నీలగిరులలోని కూనూరున పాశ్చరు సంస్థ వెలసినది. కరచినవానిని వెంటబెట్టుకొని రైలెక్కి అంతదూరము పోవలసిన దినములవి. ఇప్పుడు ఆటో ఎక్కిన చాలును.

మనుష్యునకు టీకా కాటు తరువాత, కుక్కకు ముందుగనే. పిల్లకు మూడు నెలలు నిండగనే ఒకమారు, పిదప పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల, అటుపై ఏటేట. పిల్లికిని ఇంతే. పిల్లి గాట్లవలన కూడ ఈ వ్యాధి రాగలదని చాలమంది ఎరుగరు. 1885 జులై 6న పాశ్చరు పండితుడు జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు తన మందు మొదటిసారి ఇచ్చినాడు. ఆ తేదీ జ్ఞాపకార్థము ఏటా జులై 6న పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుచుందురు.

తక్కిన సంరక్షణ క్లుప్తముగా చెప్పెదను. నట్టల మందు వేళకు వేయుడు; కుక్క మలములోని నట్టల గ్రుడ్లు ఇసుకలో ఆడుకొను పిల్లల చేతికంటును. పిడుదులు రక్తము పీల్చుటయే గాక జ్వరములను తెచ్చును; చెవుల లోపల, వ్రేళ్ల సందులను వెదకుడు. పార్వో యను వ్యాధిచే కుక్కపిల్లలు నెత్తుటి విరేచనములతో రెండుమూడు దినములలో పోవును. దానికిని టీకా కలదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు హానికరములు. మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి చాలును పిల్లి ప్రాణము తీయుటకు.

మన రేవున పిల్లికి కొదువలేనిది చేప. పచ్చిచేపయే నిత్యాహారమైనచో, కొన్ని జాతుల చేపలవలన బి1 జీవసత్త్వము నశించి పిల్లి తూలిపోవును. ఉడికించి, ముల్లు తీసి పెట్టుడు. పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగునన్న మాట నిజమే గాని, ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగవు. నీళ్లే మేలు.

కుక్కను పొట్టిగొలుసుతో అదేపనిగా కట్టివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. తీరవాసులమైన మనకు గొలుసు విషయమున మరియొక భయము కూడ నున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును దాటిన నాటి గాలి ఇక్కడి వారెవరును మరువలేదు. అట్టి రాత్రి గొలుసునకు కట్టినది గోడ కూలినను కదలలేదు. తుపాను హెచ్చరిక వినగనే లోపలికి తెండు, లేదా కట్టు విప్పుడు.

వీధికుక్కలను పట్టి చంపిన పీడ పోవునని కొందరి వాదము. పోదు. ఖాళీయైన వీధికి ప్రక్క ఊరి కుక్కలు వచ్చును. అవి టీకా లేనివి, మన పిల్లల నెరుగనివి. 2001లోను, మరల 2023లోను కేంద్రప్రభుత్వము చేసిన నియమములు శస్త్రచికిత్సచే సంతానము నాపి, టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని చెప్పుచున్నవి. విశాఖలో 1996లో ఏర్పడిన ప్రాణిరక్షణ సంస్థ యొకటి ఈ పని చేయుచు వచ్చినది. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి 70 టికి టీకా పడినచో వానిలో ఈ వ్యాధి వ్యాప్తి తెగిపోవునని శాస్త్రజ్ఞులు తేల్చినారు. పదింట ఏడు! మన వంటి ఊరికి ఇది అసాధ్యమైన లెక్క కాదు. కాని లెక్క వ్రాయువారు కావలెను.

ఆ పని ఈ గ్రంథాలయము చేయగలదు. పుస్తకము ఎవరికి ఇచ్చినది, ఎన్నడు తిరిగి రావలెను అను పట్టీని ఇరువదియైదేండ్లుగా తప్పక వ్రాయుచున్నారు కదా! అట్టిదే మరియొకటి. వీధి పేరు, కుక్క గుర్తు, దానికి అన్నము పెట్టు ఇండ్లు, టీకా వేసిన తేదీ, మరల వేయించవలసిన తేదీ. అన్నము పెట్టు ఇండ్ల గడి యుండుటచే "ఏమో, ఇక్కడే తిరుగుచుండును" అను మాటకు చోటుండదు. గీతలు గీసిన నోటుపుస్తకమొకటి కార్యదర్శిగారి బల్లపై ఉంచినాను. మొదటి పుటలో మా వీధివి వ్రాసియున్నాను: కుక్కలు ఐదు, పిల్లులు రెండు. రెండవ పుట ఖాళీగా నున్నది. సభ ముగియగనే కలము అక్కడనే యుండును.