మళ్ళీ స్టీరింగు పట్టాలంటే



లారీ మీద వెళ్ళిన మనిషి ఏ వేళకు వస్తాడో తెలియక అన్నం మీద మూతపెట్టి కూర్చునే ఇల్లాలు ఏ దేశంలోనైనా ఒకటేనండీ. ఇవాళ అమెరికాలోని అలాంటి ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం.

అక్కడ 1991లో చేసిన చట్టం ప్రకారం లారీ డ్రైవర్లకు మత్తుపదార్థాల పరీక్ష తప్పనిసరి. పరీక్షలో ఏదైనా బయటపడితే ముందుగా ఒక డాక్టరు ఫోను చేసి, "మీరు చీటీ మీద వాడుతున్న మందేమైనా ఉందా?" అని అడుగుతాడు. సరైన జవాబు లేకపోతే ఇక బండి తోలడానికి వీల్లేదు. "మా రాష్ట్రంలో గంజాయి తప్పు కాదుగా" అన్నా చెల్లదు. కంపెనీ మారి తప్పించుకుందామన్నా కుదరదు. 2020 జనవరి నుంచి ఈ ఫలితాలన్నీ ప్రభుత్వ రిజిస్టరుకు ఎక్కుతున్నాయి. 2024 నవంబరు నుంచి లారీ తోలే లైసెన్సు కూడా ఆగిపోతోంది.

మరి ఆ మనిషి బతుకు అంతటితో సరేనా? కాదు. తిరిగి రావడానికి దారి ఉంది. అర్హత గల నిపుణుడొకరు అతన్ని పరిశీలించి, పాఠాలు వినాలో, చికిత్స చేయించుకోవాలో చెబుతారు. అది పూర్తయ్యాక మళ్ళీ చూసి సరేనంటేనే ఇంకో పరీక్ష. అందులో నెగ్గితే స్టీరింగు పట్టవచ్చు. ఆ తరువాత మొదటి 12 నెలల్లో చెప్పాపెట్టకుండా కనీసం 6 పరీక్షలు. అవసరమనుకుంటే 5 ఏళ్ళ దాకా సాగుతాయి. ఇంతా చేసినా పాత కంపెనీ మళ్ళీ తీసుకోవాలని లేదు. ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలనీ లేదు.

అసలు కష్టం ఇంట్లోనే. జీతం రాదు, బంధువులడిగితే ఏం చెప్పాలో తెలియదు. "సెలవు పెట్టాడు" అని ఇల్లాలు దాచేస్తుంది. లేదా పొద్దున లేస్తే అదే మాట ఎత్తిపొడుస్తుంది. రెండూ మంచివి కావు. చికిత్సకు వెళ్ళే రోజున తోడు వెళ్ళండి, ఖర్చులు తగ్గించుకోండి, పిల్లలకు అర్థమయ్యేంత నిజం చెప్పండి. సర్కారు ఎలాగూ ఆరు పరీక్షలు పెడుతోంది, ఏడోది మనం రోజూ పెట్టనక్కర్లేదు కదా!

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. అతను మళ్ళీ వాడుతున్నాడని తెలిస్తే ప్రేమకొద్దీ దాచకండి, చికిత్స చేసినవారికి చెప్పండి. సరుకుతో కలిపి ఆ లారీ 36 టన్నుల దాకా ఉంటుంది. ఎదురుగా వచ్చే చిన్న కారులో ఇంకో ఇల్లాలి పిల్లలుంటారు.

తప్పు చేసినవాడు మాట ఇస్తే చాలదు, నడిచి చూపించాలి. ఆ నడకలో పక్కన ఒక మనిషి ఉంటే అడుగు తడబడదు. ఇది లారీ ఉన్న ఇంటికే కాదు, మన ఇళ్ళకూ వర్తిస్తుంది.