చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన లేఖ

బైబిలు వచనాన్ని దాని సందర్భం నుంచి, అంటే ముందువెనుక మాటల నుంచీ, అది వెలువడిన చారిత్రక పరిస్థితి నుంచీ విడదీస్తే అర్థం ఎంతగా జారిపోతుందో యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం చూపుతుంది. కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుల ద్వారా తెలుగు క్రైస్తవులకు చిరపరిచితమైన ఈ వచనం, నిజానికి క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు చెరపట్టుకుపోయిన యూదులకు యెరూషలేము నుంచి ప్రవక్త యిర్మీయా పంపిన లేఖలోనిది. చెర, అనగా పరదేశంలోని నిర్బంధ నివాసం, రెండేళ్లలో ముగుస్తుందని హనన్యా అనేవాడు దేవాలయంలోనే ప్రకటించి జనానికి ఆశపెట్టాడు. యిర్మీయా మాత్రం అక్కడే ఇళ్లు కట్టుకొమ్మనీ, తోటలు నాటి వాటి ఫలాలు తినమనీ, పిల్లలకు పెళ్లిళ్లు చేయమనీ, తమను బందీలుగా ఉంచుకున్న ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమనీ రాశాడు. 11వ వచనానికి సరిగ్గా పైనున్న 10వ వచనం 70 ఏళ్ల గడువు చెబుతుంది. లేఖ విన్న పెద్దలలో చాలామంది స్వదేశాన్ని మళ్లీ చూడలేరన్నమాట. ఇంత కఠినమైన మాటను ఆనుకుని 11వ వచనం ఇచ్చే నిరీక్షణ, ఒక వ్యక్తికి త్వరలో దక్కబోయే ఉద్యోగానికో పెళ్లికో హామీగా కాక, ఒక జాతి తరాలపాటు ఓర్చుకోవడానికి అందిన ఊతంగా వినిపిస్తుంది. హనన్యా ప్రకటన, యిర్మీయా లేఖ ఉన్న 28, 29 అధ్యాయాలను ఒకే విడతలో చదవడానికి పావుగంట చాలు.