దండెం లెక్క

 

ఫిల్మ్‌నగర్‌లో నువ్వు చేసే పనేమిటని పొద్దుట్నుంచీ చాలామంది అడిగారు. కెమెరాను తాళ్లకు వేలాడదీయడం. నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, ఒక్కో తాడును చుట్టడానికి ఒక్కో మోటారు, నడుమ కెమెరా. క్రికెట్ మైదానం మీద తిరిగేది టీవీలో చూసే ఉంటారు. 1980ల్లో అమెరికాలో గారెట్ బ్రౌన్ దీన్ని స్కైకామ్ పేరుతో తెచ్చారు. స్టెడీకామ్ కూడా ఆయనదే.

క్రేన్‌లో ఒక కీలు మీద మరో కీలు ఉంటుంది. 6 మీటర్ల చేయి మొదట్లో పదో వంతు డిగ్రీ తప్పితే కొసన ఒక సెంటీమీటరు తప్పుతుంది. తర్వాతి కీలు తప్పూ దానికి కలుస్తుంది. తాళ్లయితే అన్నీ ఒకేసారి కెమెరాను పట్టుకుంటాయి. విమాన సిమ్యులేటర్ కింద ఉండే ఆరు కాళ్ల వేదికదీ ఇదే జాతి. ఇంజనీర్లు సమాంతర యంత్రాలంటారు. వీటిలో తప్పులు పేరుకోవు కనుక గురి దానంతటదే కుదురుతుందని కొందరి నమ్మకం. నాకు లేదు. ఇక్కడ తప్పు ఎంతన్నది కెమెరా ఎక్కడుందో దాన్ని బట్టి మారుతుంది.

ఇంట్లో దండెం చూడండి. బిగించి కట్టినది కాస్త వదులైతే చాలు, తడి దుప్పటి నేలకు తగులుతుంది. స్తంభం నుంచి కెమెరాకు అడ్డదూరం 10 మీటర్లనుకుందాం. కెమెరా స్తంభాల కొసలకు 10 మీటర్ల కింద ఉన్నప్పుడు ప్రతి తాడూ 1 సెంటీమీటరు సాగితే, అది 1.4 సెంటీమీటర్లు దిగుతుంది. 1 మీటరు కిందే ఉంటే సుమారు 10 సెంటీమీటర్లు దిగుతుంది! లెక్క పైథాగరస్‌దే, ఈ బడి నల్లబల్ల మీద నేర్చుకున్నదే. బిగువూ అలాగే పెరుగుతుంది. 20 కిలోల కెమెరాకు మొదటి చోట ఒక్కో తాడు మీద 7 కిలోలు, రెండో చోట 50. బిగువు పెరిగితే తాడు ఇంకా సాగుతుంది.

పైకప్పు తక్కువున్న ఫ్లోర్లలో గొడవంతా ఇక్కడే. "ఇంకో రెండడుగులు లేపండి సార్, డాన్సర్లు అందరూ ఫ్రేములో పడాలి" అంటారు. ఆ డాన్సర్లే తాళ్ల కింద ఉంటారు. ఖరీదైన మోటార్లు తెప్పిస్తామంటారు. మోటారు తన తప్పు దిద్దుకుంటుంది గానీ, స్తంభాల కొసలు లోపలికి ఒక సెంటీమీటరు వాలితే ఏం చేస్తుంది? స్తంభాల ఎత్తయినా పెంచాలి, షాటయినా మార్చాలి.

ద్విపాత్రాభినయం షాట్లు నేను అసలు ఒప్పుకోను. ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో కట్టిన రామానాయుడు గారు 1964లో 'రాముడు భీముడు' తీసిన కాలంలో ఇలాంటి షాట్లకు కెమెరాను కదలకుండా బిగించేవారు. ఇప్పుడు కెమెరా కదలాలి, ఒకే దారిలో రెండుసార్లు. తాళ్ల మీద రెండోసారి అదే చోటికి రావడం కష్టం. పట్టాల మీది మోషన్ కంట్రోల్‌కు వెళ్లమంటాను.

మిగతా షాట్లకు ముందురోజే కెమెరా బరువున్న ఇసుక మూట వేలాడదీసి, ఫ్లోరంతా తిప్పి, చోటుచోటా ఎత్తు కొలుస్తాం. ఎంత ఎత్తు దాటకూడదో కాగితం మీద గీత గీస్తాం. అది డాన్స్ మాస్టరు, ఫైట్ మాస్టరు చేతికి అందాకే మోటార్లకు కరెంటు ఇస్తాం.