నడుము నొప్పికి నరముపై చికిత్స

నడుము నొప్పి ఎరుగని ఇల్లు అరుదు. పెక్కుమందికి అది కొన్ని వారములలో తనంతట తానే తగ్గును. మూడు మాసములు దాటినను విడువనిచో దానిని దీర్ఘకాలికమందురు. అట్టివారి చెవిన నేడు తరచు పడు మాట యొకటి కలదు: నరమును కాల్చినచో నొప్పి పోవునని. చికిత్సకు పోవుటకు ముందే ఈ మాటలో నిజమెంతయో విచారింతము.

వెన్నెముకలో పూసపై పూస కూర్చుండు చోట, వెనుకవైపున కుడియెడమల రెండు చిన్న కీళ్లు కలవు. వీనికి ఫాసెట్ కీళ్లని పేరు. అవి నొచ్చినపుడు ఆ వార్తను మోసికొనిపోవునవి దారమువంటి సన్నని నరపు కొమ్మలు. ఒక్కొక్క కీలునకు రెండేసి. కాళ్లను కదలించు పెద్ద నరములు వేరు. వాని జోలికి ఈ చికిత్స పోదు. మత్తుసూది ఇచ్చి, ఎక్స్‌రే తెరపై చూచుచు, మొన తప్ప తక్కినదంతయు తొడుగుగల సూదిని ఆ కొమ్మ ప్రక్కకు చేర్చుదురు. అందులోనికి సుమారు 500 కిలోహెర్ట్జుల విద్యుత్తును పంపుదురు. మా మీడియం వేవ్ ప్రసారములు 531 వద్ద మొదలగును గావున ఈ వైద్యము మాకు పొరుగింటిదే! మొన చుట్టును 80 నుండి 90 డిగ్రీల వేడి పుట్టి, ఒకటి, ఒకటిన్నర నిమిషములలో ఆ కొమ్మ వార్తలు మోయుట మానును. మన పల్లెలలో నొప్పికి వాత పెట్టు అలవాటుండెడిది. అది చర్మమును కాల్చెడిది గాని నరమును చేరెడిది కాదు.

ఇచట నొక విచిత్రము చెప్పవలసియున్నది. 1970 దశకము నడుమ అమెరికా శస్త్రవైద్యుడు నార్మన్ షీలీ ఈ పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. పలువురు రోగులు మేలు కలిగినదనిరి. 1979లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ బోగ్డక్ తన సహచరునితో కలిసి మృతదేహములను శోధించి చూచెను. నాటి వైద్యులు సూది మొన నిలుపుచుండిన తావులలో ఆ నరపు కొమ్మలే లేవు! మరి మేలెట్లు కలిగెను? నొప్పి సహజముగా ఆటుపోటుల వలె హెచ్చి తగ్గునది. దుర్భరమైననాడే మనము వైద్యుని యొద్దకు పోదుము. ఆపై సూదిమీది నమ్మకము తన వంతు పని చేయును. బోగ్డక్ సరియైన తావును చూపెను గాని, ఆ సందేహము నేటికిని ఈ చికిత్సను వదలలేదు.

కావుననే కాల్చుటకు ముందు పరీక్ష జరుపుదురు. ఆ కొమ్మ చెంత కొద్దిగా మందు ఎక్కించి, కొన్ని గంటలు మొద్దుబార్చి, వంగుట, లేచుట, నడచుట ఎట్లున్నవో రోగినడుగుదురు. ఆ కాస్సేపును నొప్పి తగ్గనిచో కాల్చి ప్రయోజనము లేదు. మా దృష్టిలో చికిత్సకంటె ఈ పరీక్షయే ముఖ్యము. దీనిని దాటవేసి నేరుగా తేదీ ఇచ్చు చోట, మరొక వైద్యుని సలహా గైకొనుట మేలు.

ఇట్లు కఠినముగా ఏరిన 15 మందిపై 2000లో ప్రకటితమైన పరిశీలనలో, ఏడాది తరువాతను తొమ్మిదిమందికి నొప్పి నూటికి 90 పాళ్లు తగ్గియుండెను. కాని పోల్చి చూచుటకు వేరొక జట్టు అందు లేదు. 2017లో నెదర్లాండ్సు నుండి 681 మందిపై జరిపిన పరిశోధనల ఫలితములు వెలువడినవి. వ్యాయామము మాత్రమే చేసినవారికిని, దానితోపాటు ఈ చికిత్సయు పొందినవారికిని చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. అందు రోగులను ఏరుట చాలినంత కఠినముగా లేదని చికిత్సను సమర్థించువారి వాదము. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో, ఇతర వైద్యములు ఫలింపక పరీక్షలో నెగ్గినవారికి దీనిని ఆలోచింపవచ్చుననెను. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన అంతర్జాతీయ నిపుణుల సూచన వలదనియే గట్టిగా చెప్పినది. నిపుణులే ఏకీభవింపలేదు గావున, దీనిని మొదటి మందుగా ఎంచరాదని మా అభిప్రాయము.

ఫలించినను ఇది శాశ్వతము కాదు. కాలిన నరము కొన్ని మాసములలోనో, ఏడాది రెండేండ్లలోనో మరల చిగురించును. ఆ విరామమును నడకకు, వ్యాయామమునకు వినియోగించుకొనవలెను గాని మంచము పట్టి గడుపరాదు.

కాలు పట్టు తప్పుట, మూత్రము అదుపులో లేకుండుట, జ్వరముతో కూడిన నడుము నొప్పి – ఇవి వేరు. వీనికి ఈ సూదుల ప్రసక్తి లేదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.