ఇంట్లో బ్యాటరీ ఛార్జింగు: ఆలస్యంగా నేర్చుకున్న లెక్క

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు పరీక్షలకు ఎలా చదవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను పిలిచారు. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పటి పరీక్షలు మా రోజుల నాటివి కావు. వాటి సంగతి నాకన్నా మీ కోచింగు మాస్టార్లకే బాగా తెలుసు. అందుచేత వారి అనుమతి తీసుకుని వేరే విషయం ఎంచుకున్నాను. కారు, స్కూటరు బ్యాటరీలను ఇంట్లో ఛార్జి చేసుకునేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు. కామర్సు చదివినవాడికి ఈ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఎందుకో చెబుతాను.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దసరా రోజులు. ఈ హాలులో కాస్త వయసు వచ్చిన ప్రతివారికీ ఆ రాత్రి గాలి చప్పుడు ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది. తెల్లారేసరికి ఊళ్ళో చెట్లు, స్తంభాలు నేలమీద ఉన్నాయి. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది. అన్నాళ్ళూ మాకు ఆధారం మా పాత కారు బ్యాటరీయే. దాన్ని విప్పి ఇంట్లోకి తెచ్చి, ఒక చిన్న బల్బు వెలిగించుకున్నాం, ఇరుగుపొరుగు వాళ్ళ సెల్‌ఫోన్లు కూడా ఛార్జి చేసిపెట్టాం. ఆ నాలుగు రోజులూ నేను వీధిలో గొప్పవాణ్ణి. ఐదో రోజుకు బ్యాటరీ చచ్చింది.

కరెంటు వచ్చిన సాయంత్రమే తెలిసిన గ్యారేజీ నుంచి ఒక ఛార్జరు అడిగి తెచ్చాను. గ్యారేజీల్లో వాడే పెద్దది, పది ఆంపియర్లది. మన ఇళ్ళ సంగతి మీకు తెలుసు. గోడకు గోడ ఆనుకుని, ముందు గది, నడిమి గది, వంటగది, పెరడు, రైలుపెట్టెలాగా ఉంటాయి. దోమల భయంతో తలుపులు, కిటికీలు మూసేసి, నడిమి గదిలో బ్యాటరీకి క్లిప్పులు తగిలించి, స్విచ్చి వేసి పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి గదిలో కుళ్ళిన కోడిగుడ్డు వాసన. తుపాను తరువాత ఊరంతా ఏదో ఒక వాసన వస్తూనే ఉంది కాబట్టి పట్టించుకోలేదు.

ఆరోజు బ్యాంకు దగ్గర జనం తెల్లవారే బారులు తీరి ఉంటారని నాకు తెలుసు. గడ్డం గీసుకుంటూ, పక్కవాటా నుంచి వచ్చిన మా తమ్ముడి కొడుకుతో 'ఒరే, ఆ క్లిప్పులు తీసేసి బ్యాటరీ వరండాలో పెట్టరా' అన్నాను. స్విచ్చి ఆపమని చెప్పలేదు. ఆపాలని నాకే తెలియదు. వాడికి అప్పుడు పదిహేడేళ్ళు. వంగి క్లిప్పు లాగాడు. చిటుక్కుమని ఒక నిప్పురవ్వ, వెంటనే తుపాకీ పేలినట్టు చప్పుడు. బ్యాటరీ మూత ముక్కలై, లోపలి ఆసిడ్ వాడి ముఖాన పడింది.

నేను చేతిలో బ్లేడుతో అలాగే నిలబడిపోయాను. మా ఇంటావిడ మాత్రం నిలబడలేదు. వాణ్ణి రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయి, గాబు దగ్గర కూర్చోబెట్టి, కనురెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకుని చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉంది. 'ఆసుపత్రికి పోదాం, ఆటో వచ్చింది' అని నేను అరుస్తున్నా వినలేదు. ఇరవై నిమిషాలు పోసింది. ఆ నీళ్ళు పోయకపోతే కన్ను దక్కేది కాదని తరువాత కంటి డాక్టరు గారు అన్నారు. అంతకు ముందు రోజు దాకా కరెంటు లేక మోటారు ఆడలేదు. ఆ గాబు నిండిందే రాత్రి. ఒక్కరోజు ముందు ఇదే జరిగి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

ఎడమ కన్నుకు ఏమీ కాలేదు. కుడికన్ను నల్లగుడ్డు మీద మచ్చ ఉండిపోయింది. చదువుకోవడానికి, బండి నడపడానికి ఇబ్బంది లేదు. వాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తిచేశాడు. 2018లో రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులు పడ్డాయి. వాడు రాసుకున్నది ఆ ఒక్క పోస్టుకే. పరీక్షలన్నీ గట్టెక్కాడు. ఆ ఉద్యోగానికి కళ్ళద్దాలు లేకుండా రెండు కళ్ళకూ 6/6 చూపు ఉండాలి. వైద్యపరీక్షలో వాడి కుడికన్ను 6/12 అని రాశారు. ఇంటికి వచ్చి 'పోనీలే పెదనాన్నా' అని నాకే ధైర్యం చెప్పాడు. ఇంతే ఆ కథ. ఇప్పుడు వాడు ఇదే ఊళ్ళో బ్యాటరీలు, మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. ఇకపైన నేను చెప్పబోయేదంతా వాడు నాకు నేర్పినదే.

మన వాహనాల్లో ఉండే మామూలు సీసపు బ్యాటరీలో ఆరు అరలు ఉంటాయి. ఒక్కో అర రెండు వోల్టుల పైచిలుకు. మొత్తం పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటాం గానీ, నిండుగా ఉండి కాసేపు విశ్రాంతిగా ఉన్నప్పుడు మీటరు పెడితే 12.6 లేక 12.7 చూపిస్తుంది. 12కు దిగిందంటే చాలావరకు ఖాళీ అయినట్టే. అందులో ఎంత పడుతుందో ఆంపియర్-అవర్ లెక్కలో డబ్బా మీదే రాసి ఉంటుంది. మా కారుది 35. దీన్ని నేను బ్యాంకు ఖాతాలాగా అర్థం చేసుకున్నాను. మీరు తీసినంత తిరిగి జమ చేయాలి. కానీ బ్యాంకు ఖాతాలో ఎంత వేసినా పడుతుంది, బ్యాటరీలో పడదు. అక్కడే నా లెక్క తప్పింది. పది ఆంపియర్ల చొప్పున రాత్రంతా పది గంటలు పెట్టాను, అంటే వంద. 35 పట్టే డబ్బాలోకి వంద తోశాను.

మిగిలినది ఎక్కడికి పోతుంది? లోపలి నీటిని విడగొడుతుంది. ఛార్జింగు వోల్టేజి సుమారు 14.4 దాటిన దగ్గర నుంచి ఇది జోరుగా సాగుతుంది. నీరు విడిపోతే హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయని మన తొమ్మిది, పది తరగతుల పిల్లలు చెప్పగలరు. గాలిలో హైడ్రోజన్ వందకు నాలుగు పాళ్ళు చేరితే చాలు, అంటుకోవడానికి ఒక్క రవ్వ సరిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మాకు వచ్చిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్‌ది కాదు. బ్యాటరీ అతిగా ఛార్జి అయి ఉడికిపోతున్నప్పుడు పుట్టే మరో విషవాయువుది. ఆ వాసన వస్తే బ్యాటరీ దగ్గరకు పోకూడదు. ఛార్జరు పెట్టిన చోట కాకుండా, వీలైతే దూరంగా మెయిన్ దగ్గర కరెంటు ఆపి, తలుపులు తెరిచి, బ్యాటరీ చల్లబడేదాకా అందరూ బయట ఉండాలి.

ఎన్ని ఆంపియర్లతో ఛార్జి చేయాలంటే, డబ్బా మీద రాసిన అంకెలో పదో వంతు అని గుర్తుంచుకోండి. 35 ఉన్న కారు బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లు. మోటారు సైకిలు బ్యాటరీ 5 ఉంటే అర ఆంపియరు. గ్యారేజీ ఛార్జరు తెచ్చి మోటారు సైకిలు బ్యాటరీకి తగిలిస్తే అది ఉడుకుతుంది. సగం ఖాళీ అయిన కారు బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లతో ఐదారు గంటలు చాలు. అంటే ఇది పగటిపూట, మనిషి ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు చేసుకోదగిన పని. నిండగానే తనంతట తానే తగ్గించుకునే ఛార్జర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొనేవారు అలాంటిదే కొనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

పెట్టే చోటు వరండా, పెరడు, లేదా కిటికీలు తెరిచిన ముందుగది. వంటగది వద్దు, దేవుడి గది వద్దు. దీపం, అగరుబత్తి, గ్యాసు పొయ్యి, చుట్ట, ఏదైనా నిప్పే. మన ఇళ్ళలో ఇన్వర్టరు బ్యాటరీని మెట్ల కింద అలమరలో దాచి తలుపు బిగించి, ఆ అలమర మీదే దేవుడి పటం పెట్టి దీపం వెలిగించేవారిని చూశాను. దేవుడి పటాన్ని పక్క గోడకు మార్చండి, అలమర తలుపుకు గాలి ఆడేలా కంతలు పెట్టించండి.

ఇక అసలైన వరస. పిల్లలూ, ఇది మాత్రం రాసుకోండి. బ్యాటరీని బండి నుంచి విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీగ, తరువాత పాజిటివ్. స్పానరు పట్టుకునే ముందు ఉంగరం, గొలుసు, లోహపు గడియారం తీసేయాలి. ఛార్జరు తగిలించేటప్పుడు స్విచ్చి ఆపి ఉండాలి. ఎర్ర క్లిప్పు పాజిటివ్‌కు, నల్ల క్లిప్పు నెగెటివ్‌కు గట్టిగా పట్టించి, ఆ తరువాతే స్విచ్చి వేయాలి. అయిపోయాక ముందు స్విచ్చి ఆపాలి, కాసేపు ఆగి ఆ తరువాత క్లిప్పులు ముట్టుకోవాలి. మా ఇంట్లో తప్పినది ఈ చివరి మెట్టే. గాలి ఆడని గది కాబట్టి అక్కడ పోగైన వాయువుకు మా రవ్వ తోడైంది.

బ్యాటరీ మీద మూతలుంటే లోపలి నీటి మట్టం చూడండి. సీసపు పలకలు బయటికి తేలి ఉంటే అవి మునిగేటంత మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగతాది ఛార్జింగు అయ్యాక గీత దాకా నింపండి. ముందే నిండా పోస్తే పొంగి పారుతుంది. బోరునీళ్ళు పోయకూడదు. ఆసిడ్ అసలే వద్దు. డబ్బా పక్కలు ఉబ్బినా, పగిలినా దానికి ఛార్జరు తగిలించవద్దు. షాపుకు ఇచ్చేయండి. పాత బ్యాటరీకి వెనక్కి డబ్బు కూడా ఇస్తారు.

కళ్ళకు అద్దాలు, అంటే పక్కలు కూడా మూసే ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోండి. పక్కనే ఒక బకెట్ నీళ్ళు పెట్టుకున్నాకే పని మొదలుపెట్టండి. ఆసిడ్ కంట్లో పడితే సోడా, నూనె, పాలు, ఇంకేమీ వద్దు. రెప్పలు తెరిచి కనీసం పావుగంట పైన నీళ్ళు పోసి, అప్పుడు ఆసుపత్రి. నేల మీద పడినదానికి వంటసోడా చల్లవచ్చు.

ఛార్జరు ప్లగ్గుకు మూడో కాలు విరగ్గొట్టి రెండు కన్నాల బోర్డులో దూర్చే అలవాటు మన పాత ఇళ్ళలో ఉంది. ఆ మూడోది ఎర్తు. అది లేకపోతే, ఛార్జరులో ఏదైనా తీగ తేలినప్పుడు రేకు డబ్బాను ముట్టుకున్నవాడికి షాకు కొడుతుంది. ఎర్తు సరిగా ఉందో లేదో ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఇప్పుడు మీలో చాలామంది ఇళ్ళకు కరెంటు స్కూటర్లు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం లిథియం బ్యాటరీలు. నేను ఇంతసేపూ చెప్పినది సీసపు బ్యాటరీల సంగతి. లిథియానికి ఈ ఛార్జర్లు పనికిరావు. బండితో ఇచ్చిన ఛార్జరే వాడాలి. 2022 వేసవిలో దేశంలో పలుచోట్ల ఈ స్కూటర్లకు మంటలు అంటుకున్నాక కేంద్రప్రభుత్వం బ్యాటరీల ప్రమాణాలను కట్టుదిట్టం చేసింది. కొత్త నిబంధనలు 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలులోకి వచ్చాయి. అయినా మన రైలుపెట్టె ఇళ్ళలో నాకు ఒకటే భయం. బండిని వీధి గుమ్మంలో పెట్టి రాత్రంతా ఛార్జి చేస్తున్నాం. లోపల పడుకున్నవాళ్ళు బయటికి రావడానికి ఉన్న దారి అదొక్కటే. బ్యాటరీని విప్పి తీసే వీలున్న బండి అయితే దాన్ని పగలు పెరట్లో, ఎండ తగలని చోట ఛార్జి చేయండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే వద్దు, కాస్త చల్లారనివ్వండి. ఉబ్బినా, పొగ వచ్చినా ఆర్పడానికి పూనుకోకుండా అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయండి. అది ఆరినట్టు కనిపించి మళ్ళీ అంటుకుంటుంది.

ఈ ప్రసంగం రాసి మా అబ్బాయికి, అదే మా తమ్ముడి కొడుక్కి, చూపించాను. రెండుచోట్ల దిద్దాడు. తన కన్ను సంగతి తీసేయమన్నాడు. అది మాత్రం నేను వినలేదు. వాడు వెనక వరసలో కూర్చున్నాడు. ఒక ఛార్జరు, ఖాళీ చేసిన ఒక పాత బ్యాటరీ డబ్బా తెచ్చాం. ఆసిడ్ లేదు, భయం లేదు. భోజనాలు అయ్యాక పక్కగదిలో బల్ల మీద పెడతాడు. తల్లిదండ్రులు కూడా రండి. ఒక్కొక్కరూ క్లిప్పులు తగిలించి, తీసి చూడండి. స్విచ్చి ఆపకుండా క్లిప్పు మీద చెయ్యి వేసినవాళ్ళ చేత వాడు మళ్ళీ మొదటినుంచి చేయిస్తాడు. నిన్న నా చేత మూడుసార్లు చేయించాడు.