ఊదేది మనం, బాగుచేసే విద్యా మనకే కావాలె

(చిక్కడపల్లిలో బ్యాండు కళాకారులు, విద్యార్థుల కూటమిలో చేసిన ప్రసంగం)

 

మా ఇండ్లల్ల డిగ్రీ చదివిన మొదటి తరం మాది. మా నాయనలు డప్పు కొట్టిండ్రు. డప్పు చెడితే ఎవరి గడపా తొక్కలేదు. తోలు నానబెట్టడం, బిగించడం, మంట మీద కాచడం అంతా వాళ్ళ చేతుల్లోనే ఉండె. డప్పు దించి ట్రంపెట్టు పట్టిన తరం ఊదడం నేర్చింది గాని బాగుచేయడం నేర్వలేదు.

ఒకసారి పెళ్ళి ఊరేగింపులో మా వాడ బ్యాండు ట్రంపెట్టు పిస్టన్ పట్టేసింది. పెళ్ళివారు సగం పైసలు కోసుకున్నరు. తర్వాత విప్పి చూస్తే ఉన్నది మురికే! కడిగి, తుడిచి, రెండు చుక్కల నూనె వేస్తే పోయేది. ఆ చిన్న విద్య లేక అందరి కూలీ పోయింది.

ఏమిటీ విద్య? ట్రంపెట్టుకు మూడు పిస్టన్లు. నొక్కితే గాలి దారి పొడుగై స్వరం దిగుతుంది. గొట్టం సొట్టపడితే లోపల ఉక్కు గుండు పంపి మెల్లగా ఎత్తాలి. అతుకు ఊడితే టంకం పెట్టాలి. వేడి మించితే పక్క అతుకూ ఊడుతుంది. శాక్సాఫోను మీటల కింద ఉన్నిబిళ్ళల మీద కప్పింది ఏమిటి? పలచని తోలు! అది చిరిగితే గాలి కారి స్వరం పలకదు. గొట్టంలో చిన్న బల్బు దించితే, వెలుతురు కారిన చోటే గాలి కారే చోటు. తోలు సంగతి మనకు వేరేవాళ్ళు చెప్పాల్నా?

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రెడ్‌వింగ్‌లో ప్రభుత్వ కాలేజీ దీన్ని కోర్సుగా నేర్పుతుంది. లాస్ ఏంజెలెస్ బడిపిల్లల వాయిద్యాలను ఉచితంగా బాగుచేసేవాళ్ళ మీద తీసిన 'ది లాస్ట్ రిపేర్ షాప్' చిత్రానికి 2024లో ఆస్కార్ వచ్చింది. మన దేశంలో బ్యాండు వాయిద్యాల తయారీకి మీరట్ జలీకోఠీ పేరుమోసింది. నాదిర్ అలీ కంపెనీ 1885లో పుట్టింది. తయారీ అంత దూరాన, ఊదే నోళ్ళు మన వాడలో!

"సారూ, మళ్ళీ కులవృత్తిలోకే తోస్తున్నరా?" అని ఒక తమ్ముడు అడిగిండు. న్యాయమైన ప్రశ్న. ఊరు ఆజ్ఞాపిస్తే చావుకు డప్పు కొట్టడం వెట్టి. బోర్డు పెట్టి, ధర చెప్పి, రసీదు రాసి చేసేది వృత్తి. అది ఎవరైనా నేర్వొచ్చు, ఎవరైనా విడవొచ్చు. గ్రూప్-1 పుస్తకం మూయమని మేం అనడం లేదు. 2024 అక్టోబరులో మన పిల్లలు ఈ అశోక్‌నగర్ రోడ్ల మీదికే వచ్చిండ్రు కదా! నారాయణగూడ నుంచి ఇక్కడిదాకా కోచింగు బోర్డులే. నోటిఫికేషన్ కోసం చూసే ఏండ్లలో చేతికో పని ఉంటే తప్పేమిటి?

చిక్కడపల్లిలో పాటకు త్యాగరాయ గానసభ ఉంది. వీధిలో ఊదేవాడి వాయిద్యానికి ఒక పనిబల్ల కావాలె. సర్కారు శిక్షణ ఇవ్వాలె, పనిముట్లు ఇవ్వాలె, స్టైపెండు ఇవ్వాలె, సర్టిఫికెట్టు ఇవ్వాలె. ఆడపిల్లలకూ సగం సీట్లుండాలె. అందాకా ప్రతి బ్యాండు నుంచి ఇద్దరిని పంపండి. మూలనపడ్డ బూరలు తెండి. విప్పడంతోనే మొదలుపెడదాం.

జై భీమ్!