కుంటి ఆబోతు సంరక్షణ



భాగవత ప్రథమస్కంధమున ధర్మదేవత వృషభరూపమున ఒంటికాలిపై నిలిచియుండగా పరీక్షిన్మహారాజు చూచిన కథ అందరును ఎరిగినదే. ఆ కథలో జనులు సాధారణముగా గమనింపని విశేషమొకటి కలదు. నీ పాదములను విరిచినవాడెవడని రాజు అడిగినను వృషభము ఎవరి పేరును చెప్పదు. బాధకు కారణమును ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురని మాత్రము పలికి ఊరకుండును. కారణమును రాజే గ్రహింపవలసివచ్చెను. పురాణ వృషభమునకు ఆ మాత్రపు మాటలైనను ఉన్నవి. ఇంటి ఆబోతునకు అవియు లేవు. అది కుంటుచు వచ్చి కొట్టము ముందు నిలుచును. యజమాని చూచి "ముసలిదైనది" అనును. ఆ ఒక్కమాటతో పరీక్ష ముగియును. ముసలితనమునకు మందు లేదన్నమాట నిజమే. కాని కుంటు ముసలితనము కాదు. దానికొక కారణముండును, వెదకినచో పెక్కుసారులు దొరకును.

గుండ్లకమ్మ, మూసి నదుల పరిసర గ్రామములలో పది ఆవుల మంద గల చిన్నరైతును తలచుకొనుడు. అతని ఒంగోలు ఆబోతునకు పదమూడేండ్లు. కొట్టములోని పెయ్యలలో సగము దాని సంతానమే. వెనుక ఎడమకాలు ఈడ్చుచున్నది. దళారి రెండుసార్లు వచ్చి ధర చెప్పిపోయినాడు. ఇంటి ఇల్లాలు తలుపు చాటునుండి వద్దనుచున్నది. ఈ జాతి ఖ్యాతి సముద్రములు దాటినది. 1960ల తొలినాళ్లలో కరవది గ్రామము పేరితోనే బ్రెజిలు దేశమునకు పోయిన ఆబోతు అచ్చటి నెలోరు మందల మూలపురుషులలో ఒకటైనది. అట్టి జాతి పశువు పుట్టినచోటనే కాలు నొచ్చిన నెలకు సంత దారి పట్టవలసియున్నదా? రైతు నిర్ణయింపవలసినది ఇదియే. కాని నిర్ణయమునకు ముందు కాలు చూడవలెను.

ఉదయమున కట్టు విప్పి గట్టినేలపై ఇరువది అడుగులు నడిపింపవలెను. ముందుకాలు నొచ్చుచున్నచో ఆ కాలు మోపిన క్షణమున పశువు తల పైకెత్తును, మంచికాలు మోపినపుడు దించును. వెనుకకాలైనచో నొప్పి గలవైపు తుంటి ఎక్కువగా లేచిపడును, అడుగు కురుచయగును. మందలో నాలుగైదు పశువులు ఒక్కసారిగా కుంటుచు చొల్లు కార్చినచో అది గాలికుంటు. ఆ సంగతి వేరు.

పిమ్మట గిట్ట ఎత్తి, కడిగి చూడవలెను. పశువుల కుంటులో అధికభాగము గిట్టయందే పుట్టును. తుంటికి తైలము మర్దించుచు గిట్టవంక చూడనివారు పెక్కుమంది. చీలికల నడుమ రాయి ఇరుకుకొనుట, సర్కారు తుమ్మముల్లు అరికాలిలో విరిగి లోపల చీము పట్టుట, చీలికల మధ్య చర్మము కుళ్లి దుర్వాసన వచ్చుట, ఇవన్నియు వయసుతో నిమిత్తము లేని బాధలు. గిట్ట నెలకు రమారమి 5 మిల్లీమీటర్లు పెరుగును. తిరుగాడు పశువునకు అది నేలపై అరిగిపోవును. పలుపున కట్టియుంచిన ఆబోతునకు చెప్పు మొనవలె సాగి కాలి బరువును మడమపైకి నెట్టును. ఏడాదికి రెండుమారులు చెక్కించినచో ఈ బాధ చాలవరకు రాదు. నాడాలు కొట్టువారు ఎడ్లను పడవేసినట్లు అయిదారువందల కిలోల ముసలి ఆబోతును పడవేయరాదు. పశువైద్యశాలలోని బోనులో నిలిపి చేయించుట మేలు. ఒక చీలిక నొచ్చి రెండవది బాగుగా ఉన్నచో, మంచి చీలిక క్రింద కొయ్యబిళ్ల అతికించి నొచ్చినదానిని నేలకు ఆననీయకుండుట వైద్యులెరిగిన ఉపాయము.

ఇక వాతలు. కాలు కుంటగనే తుంటిపై కాల్చినచో నొప్పి దిగునను నమ్మకము ఇంకను పూర్తిగా పోలేదు. దానివలన పశువునకు రెండవ పుండు కలుగును. మొదటిది అట్లే యుండును.

గిట్టలో ఏమియు దొరకనిచో కీళ్ల అరుగుదల కావచ్చును. బరువైన ఆబోతు దాటునపుడు దేహభారమంతయు వెనుకకాళ్లపై పడును గనుక ఏండ్లు గడచిన కొలది తుంటికీలు, మోకాలు అరుగును. అట్టిదానిని పూర్తిగా మాన్పలేము. దాటుటకు విడువకుండుట మొదటి చికిత్స. చిన్నమందలో అన్ని ఏండ్లు ఉన్న ఆబోతు తన కూతుళ్లనే దాటును గనుక కాలు బాగున్నను దానిని మాన్పింపవలసినదే. నొప్పికి మందు వైద్యుడే ఈయవలెను. డైక్లోఫినాక్ వాడిన పశువుల కళేబరములను తిని రాబందులు నశించుటచే 2006లో పశువులకు ఆ మందును నిషేధించిరి. మెలాక్సికామ్ వాటికి హాని చేయదు.

ప్రేమవలన కలుగు అపకారమొకటి చెప్పవలసియున్నది. ముసలి పశువు చిక్కినదని తెలగపిండి, జొన్నలు, సంగటి తట్టలతో పెట్టుదురు. ధాన్యము ఒక్కసారిగా ఎక్కువైనచో పెద్దపొట్టలో పులుపు పుట్టి, ఆ దోషము గిట్టలోపలి నెత్తుటినాళములకు ప్రాకి, కుంటు లేని పశువును కుంటిదిగా చేయును. పళ్లరిగిన ఆబోతునకు కావలసినది సన్నగా నరికిన పచ్చచొప్ప, కొద్దికొద్దిగా తవుడు, నాలుగడుగుల దూరములో నీరు. నీటికై చెరువుదాక నడువలేక సగము దప్పికతో నిలిచిపోవు పశువులు కలవు. కోడెలు దానిని కుమ్మి గాడి దగ్గరకు రానీయవు. కావున వేరుగా కట్టవలెను, కాని మంద కంటబడునంత దూరములోనే. రాతిపరుపు నేల పనికిరాదు. ఇసుకయో, మందముగా వరిగడ్డియో పరువవలెను.

ఇంతయు చేయుట చిన్నరైతునకు గిట్టుబాటగునా? రాబడి లేదు, అది దాచిపెట్టదగిన విషయము కాదు. అయినను ప్రతి కాసునకు లెక్క అడిగిన కౌటిల్యుడు సైతము అర్థశాస్త్రమున గోఅధ్యక్షుని ప్రకరణములో వికలాంగ పశువుల మందకు ప్రత్యేక తరగతి ఏర్పరచి, దూడలకు, ముసలివాటికి, రోగపువాటికి చికిత్స చేయుట కాపరి విధిగా పెట్టినాడు. పశువు గుర్తులును, కొమ్ముల మధ్య దూరమును ఖాతాకెక్కించినవాడు కుంటిదానిని ఖాతానుండి కొట్టివేయలేదు. ఖర్చు తగ్గును గదా యని ఆ ఆబోతును బండికి కట్టుట మాత్రము నేరము. వయసుచేతనో వ్యాధిచేతనో అశక్తమైన పశువుతో పని చేయించుటను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నిషేధించుచున్నది.

పండుకొన్న ఆబోతు లేవలేనిచో ఆలస్యము కూడదు. అంత బరువు ఒకేవైపున గంటల తరబడి పడియున్నచో క్రిందివైపు కండరములు, నరములు చెడును. మూడు నాలుగు గంటలకొకసారి నలుగురు కలిసి ప్రక్క మార్చి, రొమ్ముపై ఆనించి, గోనెలనిండ గడ్డి కూరి ప్రక్కన దన్నుగా పెట్టవలెను. తోకపట్టి లాగరాదు. తినుచున్నంతవరకు ఆశ కలదు. మేత మాని, నీరు మాని, కన్ను లోతుకు పోయినచో వైద్యుని పిలిపించి, ఇంక దీనికెంత బాధ మిగిలియున్నదని స్పష్టముగా అడుగవలెను. ఆ ప్రశ్న దళారిని కాక వైద్యుని అడుగవలెను. ఆ వేళ ఇంటి ఇల్లాలు కూడ దగ్గరనుండుట మంచిది.